సింగిల్టన్ ఒకటికి రెండైనప్పుడు: జావాలో సమస్య - పరిష్కారం

సమస్య: ప్రోగ్రాం మొత్తానికి ఒకే ఆబ్జెక్టు ఉండేలా రాసిన క్లాస్‌ను సింగిల్టన్ అంటారు. దానిలో సెట్టింగ్‌ను ఒకచోట మార్చినా మరొకచోట పాత విలువే వస్తుంది; కన్‌స్ట్రక్టర్‌లో రాసిన లాగ్ వాక్యం రెండుసార్లు కనిపిస్తుంది. కోడ్‌ను మార్చే ముందు ఆ లాగ్‌లో థ్రెడ్ (ప్రోగ్రాంలో ఏకకాలంలో నడిచే పనుల్లో ఒకటి) పేరును, క్లాస్ లోడర్‌ను (క్లాసులను మెమరీలోకి తెచ్చే భాగాన్ని) కూడా ముద్రించి చూడాలి. కారణం ఏ వైపు ఉందో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

థ్రెడ్ పేర్లు వేరై, క్లాస్ లోడర్ ఒకటే అయితే, తప్పు సాధారణంగా ఆబ్జెక్టును అందించే గెట్‌ఇన్‌స్టన్స్ మెథడ్‌లోనే ఉంటుంది. ఆబ్జెక్టును ఉంచే వేరియబుల్ నల్‌గా (ఖాళీగా) ఉందని ఒక థ్రెడ్ గమనించి ఆబ్జెక్టును సృష్టించేలోపే రెండో థ్రెడ్ కూడా అదే నల్‌ను చూస్తుంది కనుక ఇద్దరూ చెరొకటి సృష్టిస్తారు. మెథడ్‌ను సింక్రనైజ్డ్ (లాక్ వేసి, ఒకసారికి ఒకే థ్రెడ్‌ను అనుమతించేలా) చేస్తే సమస్య తీరుతుంది. దాని ఖర్చు (వేగం తగ్గడం) గురించి చేసే హెచ్చరికలు చాలా ప్రోగ్రాములకు వర్తించవని నా అభిప్రాయం. ఆ ఖర్చు తగ్గించేందుకు లాక్‌కు ముందొకసారి, తరువాత మరొకసారి నల్‌ను పరీక్షించే పద్ధతిలో ఆ వేరియబుల్‌ను తప్పనిసరిగా వోలటైల్‌గా (ఒక థ్రెడ్ రాసినది ఇతర థ్రెడ్లకు సరిగా కనబడేలా చేసే గుర్తుతో) ప్రకటించాలి. లేకపోతే ఫీల్డులు ఇంకా నిండని ఆబ్జెక్టు మరో థ్రెడ్‌కు కనబడే అవకాశం ఉంది. 2004లో జావా 5తో మెమరీ మోడల్‌ను (థ్రెడ్లు మెమరీని ఎలా చూడాలో చెప్పే నియమాలను) సవరించిన తరువాతే వోలటైల్‌కు ఈ హామీ లభించింది.

వీటికన్నా లోపలి స్టాటిక్ క్లాస్‌లో ఆబ్జెక్టును ఫైనల్‌గా ఉంచడం మేలు. ఆ క్లాస్‌ను తొలిసారి వాడినప్పుడు మాత్రమే, అదీ ఒక్కసారే, జేవీఎం (జావా ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్) ఇనిషియలైజ్ చేస్తుంది, అంటే వాడకానికి సిద్ధం చేస్తుంది. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది: కన్‌స్ట్రక్టర్‌లో ఎక్సెప్షన్ వస్తే, మొదటి పిలుపుకు ఎక్సెప్షన్‌ఇన్‌ఇనిషియలైజర్‌ఎర్రర్, ఆ తరువాతి పిలుపులకు నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తాయి. రెండోదాన్ని చూసి జార్ ఫైలు (క్లాసుల కట్ట) లేదేమోనని వెతకడం వృథా. లాగ్‌లో వెనక్కి వెళ్లి మొదటిదాన్ని పట్టుకోవాలి.

ఆబ్జెక్టును సీరియలైజ్ చేసి (బైట్లుగా భద్రపరచి) తిరిగి చదివినప్పుడు రెండో ఆబ్జెక్టు పుడుతుంటే, క్లాస్‌లో రీడ్‌రిజాల్వ్ మెథడ్ రాసి ఉన్న ఆబ్జెక్టునే తిరిగి ఇవ్వాలి. ప్రైవేట్ కన్‌స్ట్రక్టర్‌ను రిఫ్లెక్షన్‌తో (నడుస్తున్న ప్రోగ్రాం క్లాసుల లోపలి భాగాలను అందుకునే సౌకర్యంతో) పిలుస్తున్నట్లయితే సింగిల్టన్‌ను ఒకే విలువ గల ఈనమ్‌గా (విలువలు ముందే నిర్ణయమైన రకంగా) మార్చాలి. ఈనమ్ ఆబ్జెక్టులను సృష్టించడానికి రిఫ్లెక్షన్ నిరాకరిస్తుంది, సీరియలైజేషన్ ఇబ్బంది కూడా దానితోనే పోతుంది.

లాగ్‌లో క్లాస్ లోడర్లే వేరుగా కనిపిస్తే, పై మార్పులేవీ పనిచేయవు, ఈనమ్ కూడా. జేవీఎం దృష్టిలో అవి ఒకే పేరున్న రెండు వేర్వేరు క్లాసులు. టామ్‌క్యాట్ వెబ్ సర్వర్‌లో రెండు వెబ్ అప్లికేషన్లు ఒకే జార్‌ను తమ తమ లిబ్ ఫోల్డర్లలో పెట్టుకున్నప్పుడు ఇదే జరుగుతుంది. నిజంగా ఆబ్జెక్టును పంచుకోవలసి ఉంటే, జార్‌ను ఆ రెండుచోట్లా తొలగించి సర్వర్ ఉమ్మడి లిబ్ ఫోల్డర్‌లో ఉంచి, సర్వర్‌ను మళ్లీ ప్రారంభించాలి.