జీతం ఆగింది, ఇంక్రిమెంటు పడలేదు, ఎస్‌ఆర్ (సర్వీసు రిజిస్టరు) దొరకదు: ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో ఎక్కడ వెతకాలి?

మానవ వనరుల అనుసంధానకర్త అనే పలక మన కార్యాలయాల్లో ఏ గది ముందూ కనబడదు. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఏ జిల్లా కార్యాలయానికి వెళ్లి "జీతం సంగతి ఎవరు చూస్తారండీ?" అని అడిగినా ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను వైపు చెయ్యి చూపిస్తారు. అక్కడ కూర్చున్న సీనియర్ అసిస్టెంటే ఉద్యోగికీ, జీతాల బిల్లు పెట్టే అధికారి అయిన డీడీవోకీ మధ్య, డీడీవోకీ ట్రెజరీకీ మధ్య, అక్కడి నుంచి అకౌంటెంట్ జనరల్ కార్యాలయం దాకా మాట మోసే మనిషి. ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చినవారి కోసం ఈ వివరాలు.

మీ బల్ల ముందు నిలబడినవారు చెప్పేది వారి బాధ. కారణం మీరు వెతకాలి. "ట్రెజరీవాళ్లు బిల్లు ఆపేశారు" అంటారు. చాలాసార్లు ఆ బిల్లు ట్రెజరీ మొహమే చూసి ఉండదు. అందుకని కంప్యూటరు తెరవకముందే అడగండి: చివరి కాగితం ఏది, దాని తేదీ ఏమిటి, ఇప్పుడు అది ఎవరి దగ్గర ఉంది? ఈ మూడింటికీ జవాబు దొరికితే పనిలో సగం అయిపోయినట్టే.

"బదిలీ మీద వచ్చి చేరాను. రెండో నెలా జీతం పడలేదు"

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ముందు చూడవలసింది పాత కార్యాలయం ఆన్‌లైన్‌లో రిలీవ్ చేసిందా లేదా అని. చేతిలో రిలీవింగ్ ఆర్డరు ఉంటుంది, సంతకం, ముద్ర అన్నీ ఉంటాయి. కానీ ప్రభుత్వ చెల్లింపులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో ఆ ఉద్యోగి పాత పోస్టులోనే కూర్చుని ఉంటారు. అక్కడ ప్రతి పోస్టుకూ ఒక పొజిషన్ ఐడీ, ప్రతి ఉద్యోగికీ ఒక సీఎఫ్‌ఎంఎస్ నంబరు ఉంటాయి. పాత డీడీవో ఆ రెండింటినీ విడదీయనంత వరకు కొత్త కార్యాలయం పే బిల్లులో పేరు కనబడదు.

రెండో కారణం మన ఇంట్లోనే ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. ఈ పోస్టులో అంతకుముందు పనిచేసి పదవీ విరమణ చేసినవారినో, బదిలీ అయినవారినో మన డీడీవో లాగిన్‌లో ఇంకా తీసివేసి ఉండరు. అప్పుడు పోస్టు ఖాళీగా లేదని చూపిస్తుంది. అవతలి కార్యాలయానికి ఘాటుగా ఉత్తరం రాసే ముందు ఒకసారి మన వాకిలి చూసుకోవడం మంచిది.

మూడోది ఎల్పీసీ, అంటే పాత కార్యాలయం ఇచ్చే చివరి జీతపు ధ్రువపత్రం. అందులో ఏ తేదీ వరకు జీతం ఇచ్చారో, ఏ అప్పు ఎన్ని వాయిదాలు మిగిలిందో, ఏయే కోతలున్నాయో ఉండాలి. రిలీవైన రోజుకీ చేరిన రోజుకీ మధ్య ఖాళీ ఉంటే అది జాయినింగ్ టైమా, సెలవా అన్నది ఉత్తర్వులో తేలాలి. తేలకపోతే ట్రెజరీ కొర్రీ వేస్తుంది, అంటే అభ్యంతరం రాస్తుంది. అది న్యాయమైన కొర్రీ కూడా.

పరిష్కారం ఫోనుతో మొదలవుతుంది. పాత కార్యాలయంలో మీలాంటి గుమాస్తా ఒకరుంటారు, నేరుగా వారితో మాట్లాడండి. ఇచ్ఛాపురంలో రిలీవై శృంగవరపుకోటలో చేరిన మనిషిని "మీరే వెళ్లి ఎల్పీసీ తెచ్చుకోండి" అని పంపడం అన్యాయం. రెండు జిల్లాల ఆ కొస నుంచి ఈ కొసకి ఒక రోజు ప్రయాణం, ఒక సెలవు, పైగా అక్కడ "సారు లేరు, రేపు రండి" అన్న మాట. ఆ పని మీది.

ఇవన్నీ సరిగ్గా ఉండీ జీతం రాలేదంటే తయారుచేసే మేకర్, సరిచూసే చెకర్, ట్రెజరీకి పంపే సబ్మిటర్ అనే మెట్లలో ఒకచోట బిల్లు నిద్రపోతోందని అర్థం. చెకర్‌గా ఉన్న సూపరింటెండెంటు సెలవులో ఉంటే ఆయన లాగిన్ ఎవరికి అప్పగించారో 25వ తేదీకి ముందే చూసుకోవాలి.

"జీతం వచ్చింది గానీ తగ్గిపోయింది"

విశాఖపట్నం నుంచి బదిలీ అయినవారి ఫిర్యాదు. ఇంటద్దె భత్యం పనిచేసే ఊరిని బట్టి వస్తుంది, కాపురమున్న ఊరిని బట్టి కాదు. విశాఖలో ఉంటూ రోజూ రైల్లో శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగేవారికి విశాఖ రేటు రాదు. చేరిన రోజే ఈ సంగతి చెప్పేస్తే నెలాఖరు గొడవ ఉండదు.

"నా సర్వీసు మూడు జిల్లాల్లో ఉంది. వెరిఫికేషన్ లేదంటున్నారు"

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకమైన తలనొప్పి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. శ్రీకాకుళంలో ఉన్న రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరంలోకి వెళ్లాయి. పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. సీతంపేటలో ఉద్యోగంలో చేరి, రాజాంలో కొన్నాళ్లు చేసి, ఇప్పుడు టెక్కలిలో ఉన్న ఉద్యోగి పాత శ్రీకాకుళం జిల్లా దాటి ఎప్పుడూ పనిచేయలేదు. కాగితాల మీద మాత్రం మూడు జిల్లాలు.

లక్షణం బయటపడేది పదవీ విరమణ దగ్గర పడ్డాక. పెన్షను ప్రతిపాదనలు తిరిగి వస్తాయి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సర్వీసు తనిఖీ అయినట్టు నమోదు లేదు. జిల్లాల విభజన వల్లే ఇలా అయిందని అందరూ అంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. ప్రతి ఏడాదీ పే బిల్లులతో సరిచూసి ఎస్‌ఆర్‌లో రాయవలసిన ఒక్క వాక్యం ఆ ఏడాది ఎవరూ రాయలేదు, కారణం అదే. విభజన ఆ వాక్యాన్ని ఇప్పుడు ఎవరు రాయాలన్న ప్రశ్నను మాత్రం కష్టతరం చేసింది.

ముందు ఖాళీలున్న కాలాలన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాయండి. ఒక్కో కాలానికి అప్పటి కార్యాలయం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో, దాని పాత రికార్డులు ఎక్కడికి చేరాయో కనుక్కోండి. కార్యాలయం కొత్త జిల్లాకు వెళ్లినా పాత పే బిల్లుల కట్టలు పాత జిల్లా కేంద్రంలోనే ఉండిపోవచ్చు. తరువాత ఎస్‌ఆర్‌ను ప్రత్యేక మనిషితో పంపి అక్కడే నమోదు చేయించాలి. పోస్టులో పంపడం నాకు ఇష్టం ఉండదు. పే బిల్లు నకలు దొరకకపోతే జీతం అందుకున్నట్టు సంతకాలుండే అక్విటెన్స్ రిజిస్టరు, అదీ లేకపోతే ట్రెజరీ వోచర్లు చూడండి.

ఎస్‌ఆర్ తడిసి అక్షరాలు కలిసిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఈ జిల్లాలను ముంచి వెళ్లాయి. అలాంటి ఎస్‌ఆర్‌ను నీడన ఆరబెట్టి, చదవగలిగినంత నకలు తీసి ధ్రువీకరించి, ఉద్యోగి దగ్గరున్న నకలు ఎస్‌ఆర్‌తో, పాత ప్రొసీడింగ్సుతో పోల్చి తిరిగి రాయాలి. లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ తరువాత దాని మీద ఏ నమోదూ చేయలేరు. ఉద్యోగి దగ్గర నకలు లేకపోతే ఈ పనికి ఎన్ని రెట్లు ఎక్కువ కాలం పడుతుందో ఒక్కసారి చేసినవారికే తెలుస్తుంది. అందుకే చేరిన ప్రతివారికీ నకలు ఎస్‌ఆర్ పెట్టుకోమని చెప్పండి. ఏటా అసలు ఎస్‌ఆర్ చూపించి సంతకం తీసుకోండి.

"ఆధార్‌లో ఒక పేరు, ఎస్‌ఆర్‌లో ఒక పేరు"

మన జిల్లాల్లో పైడిరాజులు, అప్పలనాయుళ్లు ఎక్కువ. పైడిరాజును ఇంగ్లీషులో ఒకరు వై అక్షరంతో, ఒకరు ఏ, ఐ అక్షరాలతో రాస్తారు. అప్పలనాయుడిని ఒకచోట ఒకే పదంగా, మరోచోట రెండు పదాలుగా విడగొడతారు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాన్ కార్డులో పూర్తిగా ఉంటుంది. బ్యాంకు ఖాతా, ప్రాన్ (పెన్షను ఖాతా నంబరు), ఆరోగ్య కార్డు ఒకదానితో ఒకటి కలవక తిరగబడతాయి.

పరిష్కారానికి దిశ ఒకటే: పదో తరగతి సర్టిఫికెట్టూ ఎస్‌ఆర్‌ల ప్రకారం మిగతావన్నీ మార్చుకోవాలి. ఉద్యోగులు దీన్ని తలకిందులుగా అడుగుతారు, ఆధార్ ప్రకారం ఎస్‌ఆర్ దిద్దమంటారు. ఒప్పుకోవద్దు. పేరే మార్చుకోదలిస్తే గెజిట్ ప్రకటన కావాలి.

పుట్టిన తేదీ విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. దానికి 1984 నాటి రాష్ట్ర నియమాలు ఉన్నాయి. ఒకసారి ఎస్‌ఆర్‌లో నమోదైన తేదీని ఉద్యోగి కోరిక మీద మార్చడం కుదరదు. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు తోచిన తేదీ వేసినందువల్ల జులై 1న పుట్టినవారు మన దగ్గర చాలామంది. వారికి ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి: నెల ఒకటో తేదీన పుట్టినవారు అంతకుముందు నెల చివరి రోజునే పదవీ విరమణ చేస్తారు. 62 ఏళ్లు నిండేది జులై 1న అయినా ఇంటికి వెళ్లేది జూన్ 30న.

"తోటివారికి వచ్చింది, నాకు రాలేదు"

ఇంక్రిమెంటు గురించైతే మొదట సెలవు ఖాతా చూడండి. జీతనష్టపు సెలవు వాడుకుంటే ఇంక్రిమెంటు తేదీ మామూలుగా ఆలస్యమవుతుంది. ప్రమోషన్ లేకుండా ఉండిపోయినవారికి ఇచ్చే 6, 12, 18, 24 ఏళ్ల స్కేళ్ల గురించైతే లెక్క ఒకే పోస్టులో చేసిన సర్వీసుకు. మధ్యలో ప్రమోషన్ వస్తే లెక్క మళ్లీ మొదలు. 12 ఏళ్ల స్కేలుకు పై పోస్టుకు కావలసిన అర్హతలు, శాఖాపరమైన పరీక్షలు కూడా ఉండాలి. పోల్చుకుంటున్న ఇద్దరి ఎస్‌ఆర్‌లూ పక్కపక్కన పెడితే తేడా సాధారణంగా అక్కడే కనబడుతుంది. రెండోవారి ఎస్‌ఆర్ మొదటివారికి చూపించకండి, తేడా నోటితో చెప్పండి.

కొన్నిసార్లు కారణం వేరే ఉంటుంది. "ఆ మనిషి ఇంక్రిమెంటు కొంచెం ఆపండి" అని అధికారి నోటిమాటగా అని ఉంటారు. ఇక్కడే సెక్షను గుమాస్తా నిజంగా మధ్యవర్తా, కేవలం వార్తాహరుడా అన్నది తేలుతుంది. ఇంక్రిమెంటు ఆపడం 1991 నాటి సీసీఏ (క్రమశిక్షణ) నియమాల్లో ఒక శిక్ష. నోటీసు, సంజాయిషీ, ఉత్తర్వు లేకుండా అది కుదరదు. వాదించనక్కరలేదు. "ఇంక్రిమెంటు ఫలానా తేదీకి రావలసి ఉంది, ఆపుతూ ఉత్తర్వులేవీ లేవు, మంజూరుకు సమర్పిస్తున్నాను" అని ఫైలులో నోట్ పెట్టండి. నోటితో ఆపమన్నవారు చేత్తో రాయడానికి వెనకాడతారు.

"కోత పడుతోంది, ఖాతాలో జమ కావడం లేదు"

జీపీఎఫ్ (భవిష్య నిధి) ఖాతాలో నెలలు మాయమైతే ఖాతా నంబరు తప్పు పడిందేమో, షెడ్యూలు వోచరుతో పాటు వెళ్లిందో లేదో చూసి, వోచరు నంబరు, తేదీ, మొత్తంతో అకౌంటెంట్ జనరల్ కార్యాలయానికి రాయండి. ఆ మూడూ లేని ఉత్తరం దండగ. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరి సీపీఎస్ (వాటా పెన్షను పథకం)లో ఉన్నవారికి ప్రాన్ నంబరు ముందు సరిచూడాలి. ఏపీజీఎల్‌ఐ (ప్రభుత్వ జీవిత బీమా) ప్రీమియం పెంచినప్పుడు పెంచిన మొత్తానికి బాండు వచ్చిందా అని అడగండి. కోత పెరిగి బాండు రానివారు ఉంటారు. ఆదాయపు పన్ను కట్ అయినా పన్ను జమల పట్టిక 26ఏఎస్‌లో కనబడకపోతే, జీతాల పన్ను కోతల మీద కార్యాలయం వేసే త్రైమాసిక 24క్యూ రిటర్నులో పాన్ తప్పుందో, ట్రెజరీ వేసే 24జీ నివేదిక ద్వారా వచ్చే బిన్ నంబరు సరిపోలలేదో చూసి సవరణ రిటర్ను వేయించాలి.

సరెండర్ లీవు (వాడని సెలవుకు సొమ్ము) బిల్లు విషయం వేరు. ఉత్తర్వు ఇచ్చి, బిల్లు పెట్టి, ట్రెజరీ దాటించాక నిధుల విడుదల మీ చేతిలో ఉండదు. బిల్లు నంబరు ఉద్యోగికి రాసి ఇస్తే చాలు, ఎక్కడుందో వారే చూసుకుంటారు, రోజూ మీ మీద అనుమానపడరు.

"సెలవే కదా, గైర్హాజరు ఎందుకు వేశారు?"

పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజున విజయనగరంలో, రథసప్తమికి శ్రీకాకుళంలో వచ్చే ప్రశ్న. స్థానిక సెలవు కలెక్టరు ఉత్తర్వులో ఏ పరిధికి ఇచ్చారో అంతవరకే. ఉత్తర్వు ప్రతి సిబ్బంది చూసేచోట అతికించండి.

ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే

ఇక్కడ ఫిర్యాదు రాదు. ఒక పెద్దామె, ఒక కుర్రవాడు వచ్చి గోడ పక్కన నిలబడతారు. ఏమి అడగాలో వారికి తెలియదు. కూర్చోబెట్టి, రావలసినవన్నీ మీరే ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వండి: దహన సంస్కారాల ఖర్చు, నిల్వ ఉన్న ఆర్జిత సెలవు సొమ్ము, జీపీఎఫ్, ఏపీజీఎల్‌ఐ, గ్రూపు ఇన్సూరెన్సు, గ్రాట్యుటీ, కుటుంబ పెన్షను. ఒక్కోదాని పక్కన ఏ కాగితం కావాలో, ఎక్కడ దొరుకుతుందో కూడా రాయండి.

అడ్డు తగిలేది సాధారణంగా నామినేషను. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, తరువాత మార్చనిది. అత్తాకోడళ్లు వేరువేరుగా వచ్చి మిమ్మల్ని అడుగుతారు. ఎవరి పక్షమూ తీసుకోకుండా, ఏ సొమ్ముకు ఏ నియమం వర్తిస్తుందో విడివిడిగా చెప్పండి, ఎందుకంటే అన్నింటికీ ఒకే నియమం లేదు. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం దరఖాస్తు ఆ రోజే పెట్టించండి.

కారుణ్య నియామకం దరఖాస్తుకు ఏడాది గడువు. మైలరోజులు, సంవత్సరీకం అంటూ వాయిదా వేసే ఇళ్లున్నాయి. ధ్రువపత్రాలన్నీ చేరేదాకా ఆగకుండా ముందు దరఖాస్తు తీసుకుని, ఇన్‌వర్డు నంబరు, తేదీ వేసిన ప్రతిని వారి చేతికి ఇవ్వండి. మిగిలిన కాగితాలు తరువాత జతపరచవచ్చు.