అర్జీ ఎవరి పేరున రాయాలి?

శ్రీకాకుళంలో అర్జీలు రాసిపెట్టడం నా పని. కొత్తలో రైల్వే గేటు సమస్య మీద ఒకాయనకి ఇక్కడి ఆఫీసు పేరునే రాసిచ్చాను. నెల తిరక్కుండా "మా పరిధి కాదు" అని వెనక్కొచ్చింది. అప్పట్నుంచి కలం పట్టేముందు రాజ్యాంగం ఏడో షెడ్యూలు చూస్తాను.

ఏ విషయం కేంద్రానిదో, ఏది రాష్ట్రానిదో, ఏది ఇద్దరిదో చెప్పే మూడు జాబితాలు అందులో ఉంటాయి. రైల్వేలు, తపాలా కేంద్రానివి. పోలీసు, భూమి, ఆసుపత్రులు రాష్ట్రానివి. రోడ్డు మీద గుంత అంటే, ముందు ఏ రోడ్డో అడగండి: 16వ నంబరు జాతీయ రహదారైతే కేంద్రం, ఊళ్లోకి దిగే రోడ్డయితే రాష్ట్రం వైపు.

చదువు, అడవులు 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వెళ్లాయి. అక్కడ ఇద్దరూ చట్టం చేయొచ్చు. పొసగకపోతే మామూలుగా కేంద్రానిదే చెల్లుతుంది. ఏ జాబితాలోనూ లేనిదీ కేంద్రానికే.

తిప్పలన్నీ నీళ్లతోనే. సాగునీరు రాష్ట్రానిది, కాబట్టి కాలువ పూడిక తీయమని ఇరిగేషన్ వాళ్లకే రాయండి. కానీ వంశధార ఒడిశాలో పుట్టి మన గొట్టా బ్యారేజీకి వస్తుంది. ఆ వాటా తగువు 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం కింద కేంద్రం వేసిన ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. దాని మీద అర్జీ రాయమని వచ్చే రైతుల దగ్గర నేను డబ్బులు తీసుకోను. టీ ఇప్పిస్తే మాత్రం తాగుతాను.