పుస్తకం ఇవ్వండి, కథ రాసివ్వకండి

ఈ మధ్య ఒక యువ రచయిత్రి తన తొలి పుస్తకానికి ప్రచురణకర్తతో చేసుకున్న అగ్రిమెంట్ పంపించింది. రెండే పేజీలు. కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ రాసుకున్న కథలు పోయిన బుక్ ఫెయిర్‌కి సంపుటిగా వచ్చాయి. అందులో ఒక కథ నచ్చి వెబ్ సిరీస్ తీసేవాళ్లు కృష్ణానగర్‌లో తమ ఆఫీసుకి పిలిచారు. అంతా కుదిరాక, "హక్కులు మీ దగ్గరే ఉన్నాయి కదా, ఒకసారి పేపర్ చూపించండి" అన్నారు. తీరా తీసి చూస్తే ఆరో పాయింటులో ఒక్క వాక్యం ఉంది. ఈ రచనకు సంబంధించిన సర్వ హక్కులూ, అన్ని భాషల్లో, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా ప్రచురణకర్తకే చెందుతాయట. అందుకు ఆమెకు ముట్టింది 25 కాపీలు. సిరీస్ వాళ్లు ఇప్పుడు ఆమెను వదిలేసి ప్రచురణకర్తతో బేరమాడుకుంటున్నారు.

ఆమె చదవకుండా సంతకం పెట్టలేదు. చదివే పెట్టింది. అగ్రిమెంట్లన్నీ ఇలాగే ఉంటాయేమో అనుకుంది. అందుకని "చదివి సంతకం పెట్టండి" లాంటి సలహాలు ఇక్కడ ఇవ్వను.

దసరా దాటితే ప్రచురణకర్తల నుంచి ఫోన్లు మొదలవుతాయి. డిసెంబరులో ఫెయిర్. తొలి పుస్తకాన్ని స్టాల్‌లో చూసుకోవాలన్న ఆశ మనకుంటుంది. "వారంలో ప్రెస్‌కి వెళ్లకపోతే ఈ ఏడాదికి లేనట్టేనండీ" అన్న తొందర వాళ్లకుంటుంది. ఈ రెండూ కలిసిన చోటే సంతకం పడిపోతోంది.

హక్కులు

రాయల్టీ ఎగ్గొట్టారని బాధపడేవాళ్లు చాలామంది కనిపిస్తారు. నిజానికి తెలుగులో తొలి పుస్తకం రాయల్టీతో మేడలు కట్టినవాళ్లు లేరు, అది రానందుకు చితికిపోయినవాళ్లూ లేరు. నేను చూసినంతలో రచయితల్ని ముంచింది ఒకటే. పుస్తకం వేసుకోమని ఒప్పుకోబోయి, కథనే రాసిచ్చేయడం.

అచ్చు పుస్తకం ఒక హక్కు. ఈబుక్ ఇంకోటి. ఆడియో, అనువాదం, నాటకం, సినిమా, సిరీస్ దేనికదే. దేన్నైనా విడిగా ఇవ్వొచ్చు, విడిగా ఉంచుకోవచ్చు. మీ దగ్గరికి వచ్చిన సంస్థ ఏ పని చేయగలదో ఆ హక్కు ఇవ్వండి, చాలు. తెలుగులో 500 కాపీలు వేసే సంస్థకు మీ కథ హిందీ అనువాదంతో ఏం పని? ఆడియో పుస్తకం ఒక్కటీ చేయనివాళ్లకు ఆడియో హక్కెందుకు? "ముందుముందు చేస్తామండీ" అంటారు. చేసినప్పుడు అడగమనండి.

అగ్రిమెంట్‌లో లైసెన్స్ అని ఉందా, అసైన్‌మెంట్ అని ఉందా చూడండి. మొదటిది ఇల్లు అద్దెకివ్వడం, రెండోది రిజిస్ట్రేషన్ చేసిచ్చేయడం.

1957 నాటి కాపీరైట్ చట్టం ఈ విషయంలో రచయిత పక్షానే ఉంది. సెక్షన్ 19 ప్రకారం, హక్కులు ఎంతకాలానికి ఇచ్చారో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, వేరేగా రాసుకుంటే తప్ప, ఆ హక్కు తిరిగి మీదే (19(4) అంటే ఇదే). అంటే కాగితం మీద ఏమీ రాయకుండా వదిలేస్తే లాభం మీకే. అందుకే "శాశ్వతంగా", "ప్రపంచవ్యాప్తంగా", "సెక్షన్ 19(4) ఈ ఒప్పందానికి వర్తించదు" అన్న ముక్కలు కొందరు పనిగట్టుకుని చేరుస్తారు. చట్టం మీకిచ్చిన రక్షణను ఒక్కొక్కటిగా తీసేయడానికే ఆ ముక్కలు ఉన్నాయి. కొట్టేయించండి.

"కాపీరైట్ అమల్లో ఉన్నంత కాలం" అన్న మాట దగ్గర కూడా ఆగండి. వినడానికి మర్యాదగానే ఉంటుంది. మన దేశంలో కాపీరైట్ రచయిత పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. మీ మనవళ్లు కూడా ఆ ప్రచురణకర్తనే అడుక్కోవాలి. మూడేళ్లు రాయించండి, మహా అయితే ఐదు.

"మా అగ్రిమెంట్ అందరికీ ఒకటేనండీ, మార్చడం కుదరదు" అనొచ్చు. అదొక వర్డ్ ఫైలు, మార్చడానికి రెండు నిమిషాలు పట్టదు. నెమ్మదిగా మెయిల్ రాసి అడిగితే చాలామంది మారుస్తారు కూడా. ఆ వాక్యం ఎందుకుందో కొందరు ప్రచురణకర్తలకే తెలియదు, ఎవరిదో ఇంగ్లిష్ అగ్రిమెంట్ దించుకుని ఉంటారు. అడిగినా మార్చనివాళ్లు మాత్రం తెలిసే పెట్టారని అర్థం.

డబ్బు

మిమ్మల్ని డబ్బు కట్టమంటే అది ఆఫర్ కాదు, ప్రింటింగ్ సర్వీసు. అందులో తప్పేం లేదు. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం తెలుగులో ఎప్పటినుంచో ఉన్నదే. కాకపోతే డబ్బు పెట్టినవాళ్లవే హక్కులూ, అమ్ముడుపోని కాపీలూ. డబ్బు మీది, హక్కులు వాళ్లవి అంటే దండం పెట్టి వచ్చేయండి. అన్నే పేజీలకు, అదే కాగితానికి, అన్నే కాపీలకు చిక్కడపల్లిలోనో విజయవాడలోనో ఒక ప్రెస్ నుంచి కొటేషన్ తెప్పించుకుని పక్కన పెట్టి చూడండి. బిల్లులో "ఐఎస్‌బీఎన్ చార్జీలు" కనిపిస్తే అడగండి. పుస్తకాన్ని గుర్తించే ఆ నంబరును ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది.

డబ్బు వాళ్లే పెడుతుంటే రాయల్టీ శాతం కంటే ముందు, ఆ శాతం దేని మీదో చూడాలి. వెల 200 రూపాయలైతే వెల మీద పది శాతం అంటే కాపీకి 20. "నికర రాబడి మీద" అని ఉంటే షాపుకిచ్చే కమిషన్ ముందే పోతుంది. 40 శాతం కమిషన్ తీసేస్తే మిగిలేది 120, మీకొచ్చేది 12. అదే పది శాతం. లెక్క ఏడాదికోసారైనా రాతలో పంపాలని రాయించండి. డబ్బు గురించి ఇంతకంటే బుర్ర పాడుచేసుకోకండి.

ఫైలు, ప్రూఫు

తెలుగు డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో పేజీలు పెట్టే పనిలో, ఇప్పటికీ చాలాచోట్ల "అను" అనే పాత ఫాంట్లే నడుస్తున్నాయి. మీరు యూనికోడ్‌లో (ఫోన్‌లో, నెట్‌లో మనం వాడే తెలుగు) పంపింది అక్కడ కన్వర్ట్ అయ్యేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, అరసున్నలూ విసర్గలూ ఎక్కడెక్కడో తేలతాయి. మీరు పంపిన ఫైలు ఎంత శుభ్రంగా ఉన్నా సరే, పేజీలు పెట్టాక వచ్చిన పీడీఎఫ్‌ను మొదటి అక్షరం నుంచీ చదవాల్సిందే. దిద్దుబాట్లన్నీ అయిన తుది పాఠాన్ని యూనికోడ్‌లో తిరిగి తీసుకోండి. రేపు ఈబుక్ వేయాలన్నా, ఇంకో సంస్థకు ఇవ్వాలన్నా మళ్లీ మొదటినుంచీ టైపు చేయించే బాధ తప్పుతుంది.

ప్రూఫు చూసేటప్పుడు అందరూ కథలు దిద్దుతారు, వెల, ముద్రణ వివరాలుండే పేజీని వదిలేస్తారు. అక్కడ © గుర్తు పక్కన మీ పేరుండాలి. ప్రచురణ సంస్థ పేరుంటే ప్రెస్‌కి వెళ్లనివ్వకండి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను.

- "తర్వాతి పుస్తకం కూడా మాకే ఇవ్వాలి" అన్న పాయింటు తీసేయించండి. మొదటిది ఎలా వేస్తారో చూడకుండా రెండోది మాటివ్వడం ఏమిటి?

- కాపీలు అయిపోయిన ఆరు నెలల్లో మళ్లీ వేయకపోతే హక్కులు వెనక్కి రావాలని రాయించండి. "పుస్తకం అందుబాటులో ఉన్నంతకాలం" అని రాస్తే ఒప్పుకోకండి. ఆర్డరొస్తే ఒక్కో కాపీ వేసే ప్రింట్ ఆన్ డిమాండ్ వచ్చాక, ఆన్‌లైన్‌లో ఒక పేజీ పెట్టి వదిలేస్తే ఏ పుస్తకమైనా ఎప్పటికీ అందుబాటులో ఉన్నట్టే. ఏడాదిలో ఇన్ని కాపీలు అమ్ముడవకపోతే అని అంకె వేయించండి.

- ఎన్ని కాపీలు వేశారో ప్రెస్ బిల్లు చూపించమనండి. మొహమాటపడకండి.

- కథల్లో పోటీలకు పంపినవి ఉంటే ఆ పోటీ నిబంధనలు మళ్లీ తీసి చదవండి. బహుమతి కథ హక్కులు వాళ్ల దగ్గర ఉండిపోయి, ఇక్కడ "ఇవన్నీ పూర్తిగా నావే" అని మీరు సంతకం పెడితే రేపు నష్టపరిహారం కట్టాల్సింది మీరే.

- వివాదం వస్తే ఢిల్లీ కోర్టుల్లోనే తేల్చుకోవాలని ఉంటే హైదరాబాద్ అని మార్పించండి. కేసు వేయడానికి రైలెక్కాలంటే ఎవరూ వేయరు. ఆ సంగతి రాసినవాళ్లకు తెలుసు.

- వాట్సాప్‌లో "సరే అండీ" అని పెట్టకండి. హక్కులు బదిలీ కావాలంటే సంతకంతో రాత ఉండాలని చట్టం అంటుంది. కానీ ఆ "సరే" పట్టుకుని పుస్తకం వేసేస్తారు. ఆ తర్వాత వాదించుకుంటూ కూర్చోవాలి.

- ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం వద్దు. ఎవరడిగినా వద్దు.

- ముందుమాట రాసిన పెద్దాయన "మంచివాళ్లే, ఇచ్చెయ్యమ్మా" అన్నారని ఇచ్చేయకండి. ఆయనకు మీ కథలు తెలుసు. అగ్రిమెంట్ ఆయన చూడలేదు.

- మంచివాళ్లైనా సరే, సర్వ హక్కులూ ఇవ్వకండి. మంచివాళ్లు రేపు సంస్థ అమ్మేయొచ్చు, పోవచ్చు, పిల్లలు పంచుకోవచ్చు. కాగితం మాత్రం అలాగే ఉంటుంది.

- సంతకాలు రెండు కాపీల మీద. ఒకటి మీ ఇంట్లో. "స్కాన్ చేసి పంపుతాం" అన్న మాట నమ్మకండి.

- ఆవిష్కరణ సభ రవీంద్రభారతిలోనా, త్యాగరాయ గానసభలోనా, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనా అని సంబరపడే ముందు హాలు అద్దె, శాలువాలు, టీల ఖర్చు ఎవరిదో అడగండి. ఆ ఖర్చు మీ రాయల్టీలోంచి తీసేవాళ్లున్నారు.

- ఆవిష్కరణ రోజు పొద్దున అగ్రిమెంట్ తెచ్చేవాళ్లు కూడా ఉన్నారు. బంధువులంతా బయల్దేరి ఉంటారు, కార్డులు పంచేసి ఉంటారు. సభ జరుపుకోండి. సంతకం పెట్టకండి.

- ఇప్పటికే సర్వ హక్కులూ రాసిచ్చేసినవాళ్లు ఒకసారి సంతకం తేదీ చూసుకోండి. ఏడాది దాటిందా? ఆడియో, అనువాదం, సినిమా హక్కుల్లో వాళ్లు ముట్టుకోనివి ఉన్నాయా? 19(4) వర్తించదన్న ముక్క గానీ, వాడుకోవడానికి వేరే గడువు గానీ మీ కాగితంలో లేకపోతే ఆ హక్కులు వెనక్కి వచ్చేసినట్టే. కాపీరైట్ తెలిసిన వకీలుకు ఒకసారి చూపించి, ఆ సంగతి ప్రచురణకర్తకు స్పీడ్ పోస్టులో రాసి పంపండి. ఫోన్‌లో చెప్పకండి.