బిడ్డకు పెద్ద జబ్బు అని తెలిస్తే డబ్బు కోసం ముందు ఎక్కడికి వెళ్లాలి

మా పాపకు ఆరేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. మాది సూర్యాపేట దగ్గర పల్లె, మా ఆయన ఆటో నడుపుతాడు. హైదరాబాద్‌లో మొదట చేర్చిన ప్రైవేటు ఆసుపత్రిలో అడిగినంతా కడుతూ పోయాం. నాలుగు రోజుల్లో 62 వేలు అయ్యాయి, పుస్తెలతాడు తాకట్టులోకి పోయింది. ఐదో రోజు పక్క మంచం పిల్లాడి నానమ్మ, "మీకు రేషన్ కార్డు లేదా బిడ్డా?" అని అడిగింది. ఉంది. అప్పటిదాకా ఆ మాట మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అందుకే చెబుతున్నా, క్యాష్ కౌంటర్ కంటే ముందు ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లండి. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా వైద్యం చేయించే పథకం ఆరోగ్యశ్రీ, అందులో దారి చూపేది వీళ్లే. ఆ పథకం ఉన్న ఆసుపత్రుల్లో వాళ్ల డెస్క్ ఉంటుంది. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు ఉచిత వైద్యం, 2023 డిసెంబర్ నుంచి ఈ పరిమితి ఉంది. ఆంధ్రలో ఇలాంటి పథకమే డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. అప్రూవల్ చికిత్సకు ముందే రావాలి. డబ్బు కట్టి చేయించుకున్న రోజులకు ఆరోగ్యశ్రీ తిరిగి ఇవ్వదు. ఎవరైనా తిప్పి పంపినా, డబ్బు అడిగినా 104కి ఫోన్ చేయండి. మేము తర్వాత రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి మారాం.

పాప పేరు రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండటంతో ఒక్క అక్షరం కోసం రెండు రోజులు తిరిగాం. ఇవాళే మీ కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకోండి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్, ప్రతి డిశ్చార్జి సమ్మరీ, ప్రతి బిల్లు ఒకే ఫైల్లో ఉంచండి. అన్నిటికీ ఐదేసి జిరాక్స్‌లు తీయించండి.

ఒరిజినల్ బిల్లులు పారేయకపోవడం మాకు కలిసొచ్చింది. ఆరోగ్యశ్రీ కింద కాకుండా సొంత డబ్బు పెట్టిన వైద్యానికి ముఖ్యమంత్రి సహాయ నిధికి అప్లై చేయవచ్చు. మేము ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చాం, నాలుగు నెలలకు 24 వేల చెక్కు వచ్చింది. పెట్టినదంతా రాదు, అయినా వదులుకోకండి. నిమ్స్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆపరేషన్ అయితే, ఎంత ఖర్చవుతుందో ఆసుపత్రి రాసిచ్చే ఎస్టిమేషన్ లెటర్‌తో ముందుగానే ఎల్ఓసీ (ఆ డబ్బు ప్రభుత్వం కడుతుందని ఆసుపత్రికి ఇచ్చే లెటర్) అడగవచ్చు.

చికిత్స ఉచితమైనా ఇల్లు గుల్లయ్యేది మిగతా ఖర్చులతోనే. ఈ జబ్బుకు మందులు రెండేళ్ల పైమాటే. మొదట్లో రూమ్ అద్దె, బయటి తిండి, ఆటోలకే మా ఆయన సంపాదన సరిపోలేదు. వార్డులో సోషల్ వర్కర్ ఎవరో కనుక్కుని సిగ్గుపడకుండా మీ పరిస్థితి చెప్పండి. హైదరాబాద్‌లో సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్ కేర్ సెంటర్స్ వాళ్లు క్యాన్సర్ పిల్లల కుటుంబాలకు ఉచితంగా వసతి ఇస్తారు. ఆసుపత్రి వాళ్లు రాసి పంపాలి. ఖాళీ లేదంటే వారం తర్వాత మళ్లీ అడగండి. తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు, ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. కానీ కీమో తర్వాత రక్తకణాల కౌంట్ తగ్గిన రోజుల్లో పాపను రద్దీ బస్సు ఎక్కించకండి. ఆ రోజుల్లో ఆటో చార్జీ కోసం వెయ్యి రూపాయలు విడిగా దాచండి. రైలులో వెళ్లేవాళ్లు ఆసుపత్రిలో కన్సెషన్ ఫారం రాయించుకోండి. క్యాన్సర్ పేషెంట్‌కు స్లీపర్‌లో టికెట్ ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గుతుంది.

జీతంలో ఈఎస్ఐ కోత ఉంటే పిల్లల వైద్యానికీ అది వర్తిస్తుంది. పీఎఫ్ ఉంటే వైద్యం కోసం అడ్వాన్స్ తీసుకోవచ్చు.

పని మానుకుని బిడ్డ పక్కన కూర్చునే తల్లికి కూలి ఇచ్చే పథకం మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు. ఆ లోటుకు మేము నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం, అది ఇప్పటికీ కడుతున్నాం. మీరు డ్వాక్రా గ్రూపులో ఉంటే ముందు స్త్రీనిధి లోన్ అడగండి. గ్రూపు లీడర్‌కు ఫోన్ చేసి, పాప రిపోర్టు జిరాక్స్ మీ అమ్మ చేతనో ఆడబిడ్డ చేతనో పంపండి.