పాత పికప్‌కి కొత్త బ్రేకులు – మూడో పాఠం: పిన్నులు, హబ్బు, తుప్పు

రెండో పాఠం అయ్యేసరికి మన 2003 షెవ్రలే సిల్వరాడో కుడి ముందు చక్రం ఊడదీసి గోడకు ఆనించాం. బండి జాక్ స్టాండ్ మీద ఉంది, వెనక చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టాం, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా కాలిపర్‌ని, అంటే ప్యాడ్లను నొక్కిపట్టే దవడ లాంటి భాగాన్ని, తీగతో పైన కట్టాం. స్టాండ్ లేకుండా ఒక్క జాకీ మీదే లేపి ఉంచినవాళ్లు ఇక్కడే ఆగి, స్టాండ్ తెచ్చుకున్నాకే మొదలుపెట్టండి. జాకీ ఎప్పుడు జారుతుందో చెప్పలేం.

ఊడదీసిన రెండు ప్యాడ్లనూ, అంటే రాపిడితో చక్రాన్ని ఆపే పలకలనూ, పక్కపక్కన పెట్టి చూడండి. నా బండిలో బయటి ప్యాడ్ ఇంకా 7 మిల్లీమీటర్లు ఉంది, లోపలిది 2కి దిగింది. ఈ తేడాకి కారణం కాలిపర్ పనిచేసే తీరులో ఉంది. ఈ కాలిపర్‌కి పిస్టన్లు లోపలి వైపే ఉంటాయి. పెడల్ తొక్కితే అవి లోపలి ప్యాడ్‌ని రోటర్ (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం) మీదికి నెడతాయి. ఆ ఒత్తిడికి కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద లోపలికి జారి, బయటి ప్యాడ్‌ని కూడా లాక్కొస్తుంది. పిన్నులు పట్టేస్తే కాలిపర్ జరగదు, పనంతా లోపలి ప్యాడే మోస్తుంది. ప్యాడ్ ఒక చివర ఎక్కువ, ఇంకో చివర తక్కువ అరిగితే ఒక్క పిన్నే పట్టేసి ఉండొచ్చు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మొదటిసారి ఒక షాపులో ప్యాడ్లు మార్పించాను. ఎనిమిది నెలలు తిరక్కుండానే లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగి రోటర్‌ని గీకేసింది. పిన్ను లాగి చూస్తే గ్రీజు ఎండి, పాకం ముదిరినట్టు గోధుమరంగులో గట్టిపడి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ సేపు పిన్నుల దగ్గరే ఉందాం.

పిన్నుని మెలితిప్పుతూ బయటికి లాగండి. పైది ఏదో, కిందది ఏదో గుర్తు పెట్టుకోండి, చాలా బండ్లలో రెండూ ఒకేలా ఉండవు. పాత గ్రీజంతా గుడ్డతో తుడవండి. రంధ్రంలో బ్రేక్ క్లీనర్ కొట్టి, సన్నని పుల్లకు గుడ్డ చుట్టి తిప్పండి. గుడ్డ శుభ్రంగా బయటికొచ్చేదాకా ఇదే పని. పిన్ను మీద గోటికి తగిలేంత గుంటలు పడి ఉంటే కొత్తది కొనండి, పిన్నుని కప్పే రబ్బరు బూటు చిరిగితే అదీ మార్చండి.

గ్రీజు విషయంలో మాత్రం రాజీ పడొద్దు. బ్రేకుల కోసం తయారుచేసిన సిలికాన్ గ్రీజే వాడండి. బేరింగులకు పెట్టే మామూలు గ్రీజు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి, పిన్ను మళ్లీ పట్టేస్తుంది. పలచగా పూస్తే చాలు. పిన్ను లోపలికి నెట్టాక తనంతట తానే వెనక్కి తన్నుకొస్తుంటే లోపల గాలి చిక్కిందన్నమాట. బూటు అంచు కొంచెం ఎత్తి గాలి వదలండి. రెండు వేళ్లతో నెడితే జారి, వదిలితే అక్కడే నిలవాలి.

తర్వాత బ్రాకెట్, అంటే కాలిపర్‌నీ ప్యాడ్లనూ మోసే చట్రం. ప్యాడ్ చెవులు కూర్చునే చోట స్టీలు క్లిప్పులు తీసి చూస్తే కింద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంటుంది. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు చేసే పని ఇది. విశాఖలో సముద్రపు గాలికి పొక్కిపోయిన కిటికీ ఊచలు చూసినవాళ్లకు ఈ తుప్పు కొత్తేం కాదు. ఆకురాయితో మెరిసేదాకా గీకి కొత్త క్లిప్పులు వేయండి. ప్యాడ్ చేత్తో నెడితే జరగాలి. సుత్తితో కొట్టి దిగేస్తే అది ఇరుక్కున్నట్టే.

బ్రాకెట్ విప్పాక కూడా పాత రోటర్ హబ్బుకి (చక్రం బిగించే మధ్య భాగానికి) అతుక్కుని రాకపోతే తుప్పు కరిగించే నూనె కొట్టి పావుగంట ఆగండి. రోటర్‌ని తిప్పుతూ, బోల్టుల మధ్య గట్టిగా సుత్తి దెబ్బలు వేయండి. ఎలాగూ పారేసే రోటరే కాబట్టి జంకు అక్కర్లేదు. బోల్టుల మరలకు మాత్రం దెబ్బ తగలనివ్వకండి. దుమ్ముని గాలితో ఊదొద్దు, పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే వీలుంది. క్లీనర్‌తో తడిపి తుడిచేయండి.

హబ్బు ముఖాన్ని వైర్ బ్రష్‌తో రుద్దండి. రోటర్ తిరిగేటప్పుడు అంచు దగ్గర అటూ ఇటూ ఊగడం 0.05 మిల్లీమీటర్లు దాటకూడదు. వెనక చిన్న తుప్పు పెచ్చు ఒక్కటి మిగిలినా ఆ లెక్క తప్పుతుంది. కొన్ని వేల మైళ్లు తిరిగాక బ్రేకు వేసినప్పుడల్లా పెడల్ కాలి కింద కొట్టుకుంటుంది. రోటర్ వంగిపోయిందంటారు గానీ, చాలాసార్లు మొదలు ఈ పెచ్చే.

కొత్త రోటర్‌కి తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది. రెండు వైపులా క్లీనర్‌తో కడిగి, ఆరాక హబ్బు మీద ఎక్కించండి. ఎదురెదురుగా రెండు నట్లు బిగిస్తే కదలకుండా కూర్చుంటుంది. చేత్తో తిప్పి చూడండి.

బ్రాకెట్ బిగింపు, పిస్టన్లు వెనక్కి నెట్టడం వచ్చే పాఠంలో. అప్పటిదాకా బండి తాళంచెవి దాచేసి, పిల్లలెవరూ లోపలికెక్కి పెడల్ తొక్కకుండా చూడండి. కాలిపర్ వేలాడుతుండగా తొక్కితే పిస్టన్లు బయటికొచ్చి, ఫ్లూయిడ్ కింద పోతుంది.