కాలనీ పార్కు చీకటి పడ్డాక కూడా సురక్షితంగా ఉండాలంటే ఏం చేయాలి?

పార్కులో మద్యం సీసాలు కనిపించినా, నడకకు వచ్చినవారి మెడలో గొలుసు తెంపుకుపోయినా, కాలనీ సమావేశంలో ముందుగా వచ్చే ప్రతిపాదన ప్రహరీ ఎత్తు పెంచాలన్నదే. ఆ గోడ దొంగను ఆపదు, లోపల జరిగేది వీధిలోవారికి కనపడకుండా మాత్రం చేస్తుంది. న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కుకు జరిగింది అదే. వీధి మట్టానికి ఎత్తులో, ఇనుప కంచెకూ గుబురు పొదలకూ చాటున ఉన్న ఆ పార్కు 1970లలో మత్తుమందుల అడ్డాగా మారింది. నగరాల్లోని బహిరంగ స్థలాలను జనం ఎలా వాడతారో అధ్యయనం చేసిన విలియం హెచ్. వైట్ దానిని పరిశీలించి, లోపలికి చూపు పారేలా చేయాలని సూచించారు. పొదలు తొలగించి, ప్రవేశ మార్గాలు వెడల్పు చేసి 1992లో తిరిగి తెరిచాక అక్కడికి జనం వచ్చారు.

మొదట పగలు ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక మరోసారి పార్కంతా నడిచి చూడండి. మహిళలను, వృద్ధులను తప్పక వెంట తీసుకువెళ్లి, మోటారు గది వెనుక సందు, మరుగుదొడ్ల పక్క మలుపు వంటి వారు భయపడే చోట్లను కాగితంపై గుర్తించండి.

తరువాత ఆ చోట్లకు చూపు తెరవండి. పొదలను రెండు మూడు అడుగులకు మించనీయకుండా, చెట్లకు నేల నుంచి ఆరేడు అడుగుల ఎత్తు లోపు ఉన్న కొమ్మలను కత్తిరించాలి. నిండు గోడ ఉన్నచోట, కనీసం వీధి వైపు, నడుము ఎత్తు గోడపై ఊచల కంచె వేయించండి.

దీపాల విషయంలో ఎక్కువ కాంతి కంటే సమానమైన కాంతి ముఖ్యం. ఒకేచోట పెద్ద ఫ్లడ్‌లైటు పెడితే కళ్లు చెదిరి, దాని వెనుక చీకటి మరింత చిక్కబడుతుంది. ఎదురుగా వచ్చే మనిషి ముఖాన్ని 10-12 మీటర్ల దూరం నుంచే పోల్చుకోగలిగేలా, కొమ్మలకు దిగువన, తక్కువ ఎత్తు స్తంభాలకు దీపాలు అమర్చండి.

అన్నిటికంటే శ్రద్ధ పెట్టవలసింది మనుషుల రాకపై. పిల్లల ఆటస్థలం నడక దారికి ఆనుకుని ఉండాలి, గేటు దగ్గర బజ్జీల బండికీ పూల బుట్టకూ చోటివ్వాలి. గుమిగూడే కుర్రాళ్లను తరిమేస్తే వారు మరో చీకటి మూలకు చేరతారు కనుక, దీపాలున్న షటిల్ కోర్టు ఇవ్వడమే న్యాయం.

పగిలిన బెంచీని, కాలిన బల్బును వెంటనే మార్పించండి. కెమెరాలు ఇవన్నీ అయ్యాకే.

మూడు నెలల తరువాత, అదే రాత్రి వేళలో, పార్కులో ఉన్న మహిళలను లెక్కించండి. వారి సంఖ్య పెరగకపోతే ఆ కాగితాన్ని వారి చేతికే ఇచ్చి, ఇంకా ఎక్కడ భయమో మళ్లీ గుర్తించమనండి.