పాస్‌వర్డ్ చెకింగ్‌కి రెజెక్స్ రాస్తున్నారా? రిలీజ్‌కి ముందు ఇవి చూసుకోండి

సైన్అప్ పేజీకి పైథాన్‌లో రెజెక్స్‌తో (అక్షరాలు ఎలా ఉండాలో చెప్పే ప్యాటర్న్‌తో) పాస్‌వర్డ్ రూల్స్ రాస్తున్నవాళ్ల కోసం, ముఖ్యమైనవి మాత్రమే.

ప్యాటర్న్ ఎందుకు మ్యాచ్ కావట్లేదో చూద్దామని పెట్టిన ప్రింట్ లైన్లు తీసేశారా? అవి ఉండిపోతే జనం పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టుగా లాగ్ ఫైల్లోకి వెళ్లిపోతాయి. ప్యాటర్న్ తప్పైతే రేపు దిద్దుకోవచ్చు, ఇది మాత్రం వెనక్కి తీసుకోలేం.

బ్రౌజర్‌లో చెక్ ఉంది కదా అని సర్వర్‌లో మానేయకండి, రిక్వెస్ట్ నేరుగా పంపేవాళ్లకి అది అడ్డే కాదు.

పైథాన్‌లో ప్యాటర్న్‌తో పోల్చడానికి re.match (మ్యాచ్) బదులు re.fullmatch (ఫుల్‌మ్యాచ్) వాడండి. మ్యాచ్ మొదట్లో సరిపోతే చాలనుకుంటుంది, చివర $ (ఇక్కడితో అయిపోవాలి అనే గుర్తు) పెట్టినా ఆఖర్న ఒక న్యూలైన్ ఉంటే పట్టుకోదు.

ప్లస్ (ఒకటి లేదా ఎక్కువసార్లు అనే + గుర్తు) ఉన్న గ్రూపు బయట మళ్లీ ప్లస్ పెట్టకండి. సరిపోలని పొడవాటి ఇన్‌పుట్ ఒక్కటి వచ్చినా రెజెక్స్ ఇంజిన్ అన్ని దారులూ వెతుకుతూ సర్వర్‌ని కూర్చోబెట్టేస్తుంది. అసలు అన్నీ ఒకే ప్యాటర్న్‌లో కుక్కడం ఎందుకు, రూల్‌కి ఒకటి చొప్పున చిన్నవి రాస్తే ఏది తప్పిందో యూజర్‌కి చెప్పడమూ సులువే.

ప్యాటర్న్‌లో అంకెకి రాసే బ్యాక్‌స్లాష్ డి (\d) అంటే 0 నుంచి 9 వరకే కాదు! పైథాన్ 3 స్ట్రింగుల్లో మన ౧, ౨, ౩ కూడా అంకెలే. ఇంగ్లిష్ అంకెలే కావాలంటే [0-9] అని రాయండి.

పాస్‌వర్డ్ అనే మాటకే మొదటి అక్షరం పెద్దది చేసి చివర 1! తగిలిస్తే మీ రూల్స్ అన్నీ పాసవుతుంది. అందుకే తరచూ వాడే పాస్‌వర్డ్‌ల జాబితాతో కూడా పోల్చండి. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి, పొడవు కనీసం 64 అక్షరాల దాకా అనుమతించమంటున్నాయి.